సైగాన్ వానలో ఒకే కోటు

నేను ఒక రెండు తలల రెయిన్‌కోటును. భయపడకండి. హో చి మిన్ నగరంలో, అంటే అక్కడివాళ్లు ఇప్పటికీ సైగాన్ అని పిలుచుకునే ఊళ్లో, బండి నడిపేవాళ్లకీ వెనక కూర్చునేవాళ్లకీ కలిపి ఒకే కోటు చేస్తారు. ముందొక టోపీ, వెనకొక టోపీ, హెడ్‌లైటు వెలుగు బయటికి రావడానికి ముందువైపు అద్దంలాంటి ముక్క. ఊరి శివార్లలో ఒక రేకుల షెడ్డులో నీలంరంగు ప్లాస్టిక్‌ను వేడితో అతికించి నన్ను తయారుచేశారు.

మొదట నన్ను కొన్నది కొత్తగా పెళ్లయిన జంట. రెండు వానాకాలాలు నాలో ఒదిగి తిరిగారు. మూడోది రాకముందే విడిపోయారు. మంచం, ఫ్యాను, గిన్నెలు పంచుకున్నారు గానీ నన్నెలా పంచుకోవాలో తోచక ఒక మెకానిక్ షాపులో వదిలేశారు. ఒకే కోటులో ఇమిడినవాళ్లు ఒకే ఇంట్లో ఎందుకు ఇమడలేకపోయారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ మెకానిక్ నన్ను లియెన్‌కు ఇచ్చాడు. ఆమెకు యాభై రెండేళ్లు. పాతికేళ్లు బట్టల ఫ్యాక్టరీలో మిషను కుట్టింది. సూదిలో దారం ఎక్కించే చూపు తగ్గాక, రోడ్డు చూడ్డానికి ఈ కళ్లు చాలులే అనుకుని, మనుషుల్ని బండి మీద ఎక్కించుకు తిప్పే పనిలోకి దిగింది. విదేశీయులతో తిరిగీ తిరిగీ నాలుగు ఇంగ్లీషు ముక్కలు కూడా పట్టుబడ్డాయి.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం. చోలాన్ మార్కెట్ గేటు దగ్గర లియెన్ నన్ను విప్పుతుండగా హైమవతి వచ్చింది. ఆమెది భీమవరం. భర్త గోపాలరాజు రొయ్యల మేత కంపెనీ ఉద్యోగి, వారంలో మూడు రోజులు దూరపు చెరువుల మీదే ఉంటాడు. ఈ దేశం వచ్చి మూడు వారాలైనా, పద్నాలుగో అంతస్తు కిటికీలోంచి బండ్ల ప్రవాహాన్ని చూడటమే తప్ప ఆమె ఒంటరిగా రోడ్డు దాటింది లేదు. ఆ రోజు పట్టుబట్టి బయల్దేరింది. మార్కెట్టంతా తిరిగింది. తిరుగుముఖం పట్టేసరికి మబ్బు కమ్మింది.

చుట్టూ గోలగా ఉందని ఫోను స్పీకరులో పెట్టి మాట్లాడుతోంది.

"వచ్చేస్తన్నానండి. బండి దొరికింది."

"ఫోను చేత్తో పట్టుకోకు హైమా. పక్కనించి బండి మీదొచ్చి లాక్కుపోతారంట. ఎవర్నీ తేలిగ్గా నమ్మెయ్యకు," అన్నాడు గోపాలరాజు.

ఆ మాట చెవిలో పెట్టుకునే ఆమె నా వెనక తలలో తల దూర్చింది.

వాన విరుచుకుపడింది. నదికి పోటు వచ్చే రోజులవి. వానా పోటూ కలిస్తే ఆ ఊళ్లో నీళ్లు కాలవల్లోంచి రోడ్ల మీదికి ఎక్కివస్తాయి. అది లియెన్‌కు తెలుసు, హైమవతికి తెలియదు. ఆమెకు తెలిసిందల్లా ఒకటే: ఇంటి దగ్గర ఎనభై ఒక్క అంతస్తుల భవనం ఉంది, ఎక్కడున్నా దానివైపు వెళ్తే చాలు. వాన పల్చబడ్డప్పుడు తలెత్తి చూసింది. ఎదురుగా కనబడాల్సిన భవనం ఎడమ పక్కన ఉంది. మరికాసేపటికి వెనక్కి వెళ్లిపోయింది.

ఫోను బయటికి తీసి దారి చూసుకోబోయింది. లియెన్ ఒక చెయ్యి వెనక్కి చాచి, ఫోను ఉన్న చేతిని గట్టిగా నెట్టింది.

"లోపల. లోపల పెట్టు."

హైమవతి చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆ పెనుగులాటలో ఫోను మీదికి నీళ్లు చిమ్మాయి. తెర ఒకసారి వెలిగి ఆరిపోయింది. నా కింద ఇద్దరి గుండెలూ కొట్టుకుంటున్నాయి. ఒకటి మామూలుగా, ఒకటి గాభరాగా.

బండి ఒక సందులోకి మళ్లింది. రెండు బండ్లు ఎదురైతే ఒకటి ఆగాల్సినంత ఇరుకు. సందు రెండుగా చీలిన చోట లియెన్ ఆపింది. గుమ్మంలో నిలబడ్డ ఒక బట్టతల మనిషితో ఏదో మాట్లాడింది. అతను హైమవతి వంక చూశాడు. ఎడమ సందు చూపించి తల అడ్డంగా ఊపాడు, కుడి సందు చూపించాడు.

ఎడమ సందు చివర పెద్ద రోడ్డు, బస్సు దీపాలు కనబడుతున్నాయి. అటు వద్దు, ఇటు తీసుకుపో అంటున్నాడంటే ఏమిటి అర్థం? హైమవతి నాలోంచి తల లాక్కుని దిగిపోయింది. ఎడమ సందులోకి నడిచింది. పరుగెత్తిందనే అనాలి. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి.

"ఎమ్ ఓయ్!" అని అరిచింది లియెన్. చెల్లీ అని పిలిచినట్టన్నమాట. హైమవతి వెనక్కి తిరగలేదు.

లియెన్ బండిని గోడకు వాల్చేసి పరుగెత్తింది. నా వెనక తల ఖాళీగా ఊగుతోంది. పది అడుగులు, ఇరవై అడుగులు. హైమవతి భుజం దొరకబుచ్చుకుని పక్కకు లాగింది. హైమవతి విదిలించుకుంది. ఆ తోపుకు లియెన్ కాలు ముందుకు పడింది, కింద నేల తగల్లేదు. నీళ్లు త్వరగా పోతాయని ఆ సందువాళ్లు మ్యాన్‌హోల్ మూతలు తీసి ఉంచారు. లియెన్ తొడ దాకా అలాంటి ఒకదాంట్లోకి దిగిపోయింది. పడుతూ కుడిచెయ్యి అరుగు అంచుకు కొట్టుకుంది. ఎముక విరిగిన చప్పుడు వానలోనూ వినబడింది.

సుడి తిరుగుతున్న నీళ్లను హైమవతి అప్పుడు చూసింది. తన తర్వాతి అడుగు పడాల్సిన చోటు అదేనని అర్థమైంది. ఒంగి నా ఖాళీ తలను రెండు చేతులా పట్టుకుని, గోడకు కాలు తన్ని లాగింది. నా అతుకు ఒకటి చిట్లింది. ఇంకొకటి ఆగింది. లియెన్ బయటికి వచ్చింది.

"సారీ, సారీ," అంటూనే ఉంది హైమవతి.

బట్టతల మనిషి వచ్చాడు. చెయ్యి చూశాడు. ఈ నీళ్లలోకి కారేదీ రాదని సైగ చేశాడు. బండి నిలబెట్టి స్టార్ట్ చేసి, ఇద్దరి వంకా చూశాడు. భీమవరం నుంచి ఉండి ఊరికి వెళ్లే రోడ్డు మీద ఆరేళ్లు స్కూటీ నడిపిన హైమవతి, ఈ ఊళ్లో కాలు తీసి రోడ్డు మీద పెట్టడానికే వణికిన హైమవతి, ముందు సీట్లో కూర్చుంది. లియెన్ మెడ చుట్టూ చిరిగి వేలాడుతున్న నన్ను ముందుకు లాగి తనమీదా కప్పుకుంది.

"రేజ్ వదలకు. వదిలితే సైలెన్సర్‌లోకి నీళ్లు," అని లియెన్ ఆమె చెవిలో చెప్పింది. పెద్ద రోడ్డెక్కగానే భీమవరం అలవాటుకొద్దీ బండి ఎడమకు పోయింది, ఇక్కడేమో కుడి పక్కన నడపాలి. ఎదురుగా వంద దీపాలు. "కుడి! కుడి!" హైమవతి పళ్లు బిగబట్టి తిప్పింది. ఒక లారీ అద్దం నన్ను రాసుకుంటూ పోయింది. గుంట వచ్చినప్పుడల్లా లియెన్ మూలుగును నోట్లోనే నొక్కుకునేది. ఆ మూలుగు విన్నప్పుడల్లా హైమవతి వీపు బిర్రబిగుసుకునేది. లియెన్ చెప్పిన మలుపులు తిరుగుతూ ఆసుపత్రి గేటు చేరారు.

విరిగిన చెయ్యి కదపకూడదని నర్సు కత్తెరతో నన్ను మెడ నుంచి కిందికి కోసేసింది. రెండు ముక్కలుగా కుర్చీ మీద పడ్డాను.

హైమవతి నర్సు ఫోను అడిగి భర్తతో మాట్లాడింది.

"గంట నుంచీ చేస్తన్నాను, ఏమైపోయావు? ఎవరైనా ఏమైనా చేశారా?"

"ఎవరూ ఏం చెయ్యలేదండి. నేనే చేశాను. నన్ను తీసుకొచ్చినావిడ చెయ్యి విరిగింది. తప్పు నాదే."

కట్టు వేయించుకుని లియెన్ మంచం మీద పడుకుని ఉంది. హైమవతి పక్కన కూర్చుంది.

"మీరు నన్నెక్కడికో తీసుకుపోతున్నారనుకున్నాను."

"తెలుసు. దారంతా మోచెయ్యి నా వీపుకు అడ్డం పెట్టి కూర్చున్నావు. దొంగతో కూర్చున్నట్టు."

"తెలిసి కూడా నా వెనక ఎందుకొచ్చారు?"

లియెన్ ఆమె ముఖంలోకి చూసింది. ఇది కూడా అడగాలా అన్నట్టుంది ఆ చూపు.

"మూతలు తీసి ఉన్నాయి. నువ్వు అటే నడుస్తున్నావు."

ఆయా వచ్చి కుర్చీ మీద ఉన్న నన్ను చెత్తబుట్టలో పడేయమని సైగ చేసింది. హైమవతి నా రెండు ముక్కలనూ తీసుకుంది. కొంగుతో నీళ్లు తుడిచింది. అంచుకు అంచు కలిపి మడత పెట్టి, బుట్టలో ఉంచింది. పారేసేవాటిని ఎవరూ మడతపెట్టరు.