దుప్పటికి అటూ ఇటూ

మేస్త్రీ రిటైరైన మర్నాడే లాండ్రీలో నోటీసు అంటించారు. ఇకనుంచి భాష తెలియనివాళ్ళు ఒకరితో ఒకరు ఫోన్ ద్వారానే మాట్లాడుకోవాలట, అందరి ఫోన్లలోనూ ఒకే అనువాదం యాప్ ఉండాలట. యాప్ దొరికాక ఇంకో మేస్త్రీకి జీతం దండగని యాజమాన్యం ఆలోచన. ఇలాంటి ఆలోచనలు వాళ్ళకి చిటికెలో వస్తాయి.

పిన్నికి మాత్రం లోలోపల సంబరంగానే ఉంది. ఆమె అక్కడెవరికీ పిన్ని కాదు. మేస్త్రీ అలా పిలిచేవాడు గనక అందరికీ పిన్ని అయి కూర్చుంది. భర్త పోయాక ఒక్కతే ఒక గదిలో ఉంటోంది. పగలంతా హోటళ్ళ నుంచి వచ్చే దుప్పట్లు మడతపెట్టడం ఆమె పని. దుప్పటి మడతకి ఇద్దరు కావాలి. అవతలి కొస పట్టుకునేది పొడుగావిడ. ఆవిడ భాష వేరు. ఏళ్ళ తరబడి ఇద్దరూ చెరో కొసా పట్టుకుని ఎదురెదురుగా నడిచి, కొసలు కలిపి, మళ్ళీ వెనక్కి జరిగేవాళ్ళు. మేస్త్రీ పక్కన నిలబడి ఈమె మాట ఆవిడకీ, ఆవిడ మాట ఈమెకీ అందించేవాడు. రెండు భాషలూ వచ్చినవాడు ఆయనొక్కడే.

ఆ మాటల మీదే పిన్ని బతికింది.

"నిన్న నువ్వు రాకపోతే చెయ్యి విరిగినట్టయిందంటోంది పిన్నీ" అనేవాడు మేస్త్రీ. "జ్వరం తగ్గిందా, మాత్ర వేసుకున్నావా అని అడుగుతోంది."

అన్నిటికంటే పెద్ద మాట, పోయిన చలికాలం పిన్ని ఉండబట్టలేక బావురుమన్న రోజున చెప్పాడు. "పని మానేశాక ఇద్దరం ఒకే గది తీసుకుందాం, ఒక్కదానివీ ఎందుకు అంటోంది."

ఆ గదిలో కిటికీ వైపు ఎవరి మంచం వెయ్యాలో కూడా పిన్ని తేల్చేసుకుంది. పని మానే వయసు ఇద్దరికీ దగ్గరపడింది. ఇక నేరుగా అడిగెయ్యడమే.

ఆఫీసులో గుమాస్తా అమ్మాయి ఫోన్ అందుకుని కొత్త యాప్ వేసింది. పిన్ని ఎన్నడూ తెరవని పాతది ఒకటి అప్పటికే ఉండడంతో, దేన్ని తెరవాలని ఫోన్ ప్రశ్న వేసింది.

"ఒకసారి మాత్రమేనా, ఎల్లప్పుడూనా అని అడుగుతోంది పిన్నీ. ఎల్లప్పుడూ అని నొక్కేస్తే మళ్ళీ విసిగించదు."

"నొక్కెయ్యమ్మా. ఒక్కసారితో తెమిలే కబుర్లు కావు మావి."

భోజనాల వేళ ఇద్దరూ దుప్పట్ల బండి పక్కన కూర్చున్నారు. పిన్ని ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, గొంతు పెంచి, "మనం అనుకున్న గది ఎప్పుడు చూద్దాం?" అంది. ఫోన్ దాన్ని ఆవిడ భాషలో పలికింది. పొడుగావిడ కనుబొమలు ముడిచి ఏదో అంది. ఫోన్ ఉన్నదున్నట్టు తెలుగులో వినిపించింది.

"ఏ గది? నేను వచ్చే నెల మా అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతున్నాను."

యాప్ పొరబడిందనుకుంది పిన్ని. చలికాలం, ఏడుపు, మేస్త్రీ చెప్పిన మాట, అన్నీ విడమరిచి మళ్ళీ అడిగింది.

"నువ్వు ఏడవడం గుర్తుంది. ఏమైందని అడిగితే, భర్త గుర్తొచ్చాడని మేస్త్రీ చెప్పాడు. గది సంగతి నేను అనలేదు."

"మరి నేను రాని రోజు..."

"నువ్వు రాని రోజు ఇంకొకరిని పంపమనేదాన్ని." పొడుగావిడ కాస్త ఆగి, "నువ్వు బాగా పని చేస్తావు" అని కలిపింది. పాపం, ఆవిడ తప్పేముంది? అడిగినదానికి జవాబు చెప్పింది.

మధ్యాహ్నమంతా పిన్ని దుప్పటి వెనక మొహం దాచుకుని ఏడ్చింది. ఆ తర్వాత ఒళ్ళు మండింది. ఇంత మోసమా, కడిగిపారేస్తాను అనుకుని, గుమాస్తా అమ్మాయి దగ్గర నంబరు తీసుకుని, పని అవగానే గేటు బయట నిలబడి మేస్త్రీకి ఫోన్ చేసింది.

"ఎవరూ?"

"పిన్నినండీ."

"పిన్నీ! ఏమైంది? ఒంట్లో బాగుందా? మాత్రలు వేసుకుంటున్నావా?"

పిన్నికి అప్పుడు తట్టింది. మాత్ర వేసుకున్నావా అని ఇన్నేళ్ళూ అడిగింది ఈ గొంతే. నీళ్ళు పట్టుకునేవాళ్ళు కుళాయిని పలకరించనట్టు, ఆ మనిషిని తనొక్కనాడూ పలకరించలేదు. మీరు తిన్నారా అని మాటవరసకైనా అడగలేదు. అవతల ఇంట్లో మనుషుల అలికిడి లేదు, టీవీ మోత లేదు. అలాంటి ఇల్లెలా ఉంటుందో ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

మేస్త్రీ గొంతు తగ్గించాడు. "అందరికీ యాప్ పెట్టించారట కదా. ఆవిడతో మాట్లాడావా?"

"మాట్లాడానండీ."

"ఏమంటోంది?"

పిన్ని కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మీరు లేక లాండ్రీ బోసిపోయిందంటోందండీ. వేళకి తింటున్నారో లేదో కనుక్కోమంది."



"తింటున్నానని చెప్పు పిన్నీ" అన్నాడు మేస్త్రీ.