వెనక బ్రేకులు

అనంతగిరి గుట్ట దిగుతుంటే మూడో మలుపు దగ్గర హాజిరాబీ కాలి కింద బ్రేకు మెత్తబడింది. రోజూ సగం దాకా పోయి గట్టిపడే పెడల్ ఆ మధ్యాహ్నం బురదలో దిగినట్టు అడుగు దాకా పోయింది. కాలెత్తి మళ్లీ తొక్కింది. ఇంకోసారి తొక్కింది. కారు ఆగలేదు.

బండిలో ఎనిమిది మంది ఉన్నారు. ఐదుగురు కిడ్నీలు చెడినవాళ్లు, ముగ్గురు వాళ్లకు తోడు వచ్చినవాళ్లు. వికారాబాద్‌లో నాలుగు గంటలు మిషను మీద పడుకుని రక్తం కడిగించుకుని తాండూరు వైపు తిరిగొస్తున్నారు. సగంమంది నిద్రలో ఉన్నారు. మెలకువగా ఉన్నవాళ్లకు మెడ నిలబెట్టే ఓపిక కూడా లేదు.

హాజిరాబీ రెండో గేరుకు దించింది. ఇంజను అరిచింది. చేతి బ్రేకు లాగితే అదీ పట్టలేదు. ఆ బ్రేకు కూడా వెనక చక్రాలకే కదా పనిచేసేది! లోయ కుడివైపు ఉంది. ఆమె స్టీరింగ్ ఎడమకు తిప్పి, బండి పక్క భాగాన్ని మట్టిగట్టుకు ఆనించింది. రేకు బరబరా గీసుకుంటూ పోయింది. అద్దం విరిగి పడింది. ముప్పై గజాలు పోయాక కారు ఆగింది.

కాలిన వాసన కిటికీల్లోంచి లోపలికొచ్చింది. ముందు సీటులో కూర్చున్న ఈరయ్య కళ్లు తెరిచాడు. పెద్దేముల్ మనిషి. గొర్లు కాసి బతికినవాడు. ఇప్పుడు మందా లేదు, మోకాళ్లలో బలమూ లేదు.

"ఏమైంది బిడ్డా?"

"ఏం లే తాతా. బండి వేడెక్కింది. అందరు జర దిగుండ్రి."

అందరూ దిగాక తానూ దిగింది. బండికి ఆనుకుని, తాండూరు స్టాండులో కిరాయి బండ్ల లైను నడిపే యాదగిరికి ఫోన్ చేసింది.

"ఎవలికన్న దెబ్బలు తాకినయా?" అని అడిగాడు యాదగిరి.

"లేదు. బ్రేకు మొత్తం పోయింది."

"తాకలేదు గద, మరి ఎందుకు పరేషానైతవ్? అర్ధగంట ఆగు, సల్లారుతది. మెల్లగ తోల్కరా. సాయంత్రం పెండ్లోళ్ల కిరాయి ఒకటి ఒప్పుకున్న."

ఆమె ఫోన్ పెట్టేసింది. తాండూరు బస్సు వస్తే రోడ్డు మధ్యకు పోయి చేతులెత్తి ఆపింది. ఎనిమిది మందిని ఒక్కొక్కరినే చెయ్యి పట్టి ఎక్కించింది. తరువాత ఒంటరిగా, మొదటి గేరులో, ఎద్దుల బండిలా ఆ కారును తాండూరు చేర్చింది. చేరేసరికి పొద్దు గూకుతోంది.

ఆ కారుకు పదహారేళ్లు. హాజిరాబీ భర్త అతీఖ్ దాన్ని ఇద్దరి చేతులు మారాక కొన్నాడు. నాలుగేళ్లు కిరాయిలకు తిప్పాడు. అంతలో అతనికే కిడ్నీలు చెడిపోయాయి. వారానికి మూడుసార్లు వికారాబాద్ పోవాలి. పోయేటప్పుడు తనే నడిపేవాడు. వచ్చేటప్పుడు చేతకాదు. అందుకని పక్కన కూర్చుని భార్యకు నేర్పాడు. "కాలుతోని ఇను. బండి అక్కడనే మాట్లాడ్తది" అనేవాడు. ఏడాదిన్నర అట్లా తిరిగారు. అతను పోయిన పదిహేనో రోజున ఈరయ్య గల్లీ వెతుక్కుంటూ వచ్చి, గడప బయటే నిలబడి, "మమ్ముల గూడ తోల్కపోతవా బిడ్డా? బస్సు ఎక్కుడు దిగుడు అయితలేదు" అన్నాడు. అట్లా మొదలైంది ఆమె బతుకు.

మొదట్లో నలుగురు. మనిషికి రానూపోనూ నూట యాభై. తరువాత స్టాండులో యాదగిరి అడ్డుపడ్డాడు. అక్కడ బండి నిలపాలంటే అతని లైనులో చేరాలి. మనుషులను అతనే ఎక్కిస్తాడు, డబ్బులు అతనే తీసుకుంటాడు, రోజుకు ఏడు వందలు ఆమె చేతిలో పెడతాడు. డీజిల్ ఆమెదే. డిక్కీలో అడ్డంగా బల్ల సీటు వేయించింది కూడా అతనే.

బండి నడపడం మొదలుపెట్టాక మరిది బాషా ఇంటికి రావడం మానేశాడు. "ఖాందాన్ ఇజ్జత్" అని, ఇంటి పరువు గురించి ఒక మాటన్నాడు, అంతే. పెళ్లిళ్లలో ఆమె పక్కన కూర్చున్న ఆడవాళ్లు కాసేపటికి పిల్లల నెపంతో లేచిపోయేవాళ్లు. ఆసుపత్రి ఆవరణలో నాలుగు గంటలు కారులో కూర్చుంటే, దారికి అడ్డమని కాపలావాడు వచ్చి అద్దం మీద కొట్టి, "డ్రైవర్ ఏడి?" అని అడిగేవాడు. రెండేళ్లలో ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అదే అడిగేవాడు. తెచ్చుకున్న రొట్టె డబ్బా ఒళ్లో పెట్టుకుని ఆమె అక్కడే తినేది. ఇంటికొచ్చి తాళం తీశాక, మళ్లీ తెల్లవారి స్టాండుకు పోయేదాకా నోరు తెరిచే పని ఉండేది కాదు.

మర్నాడు పొద్దున కారును కరణ్‌కోట రోడ్డులో ఉన్న యోబు మెకానిక్ షెడ్డుకు తీసుకుపోయింది. యోబుకు అరవై దాటాయి. కొత్త బండ్లన్నీ షోరూముల దారి పట్టాక అతని దగ్గరికి పాత బండ్లే వస్తున్నాయి. అవీ తగ్గిపోయాయి.

"బండి ఓనర్‌ను తోల్కరామ్మా, మాట్లాడుత" అన్నాడు తలెత్తకుండా.

"ఓనర్‌ను నేనే."

"అయితె తోలేటోన్ని పిలువు. ఏడ పడ్తలేదో సూపియ్యాలె గద."

"తోలేది గూడ నేనే అన్నా."

అప్పుడు తలెత్తి చూశాడు. హాజిరాబీ చెప్పుకుంటూ పోయింది. నెల రోజులుగా గుట్ట దిగేటప్పుడు పెడల్ కొంచెం కొంచెం కిందికి పోతున్నదని, మనుషులు నిండుగా ఉంటేనే అట్లా అవుతున్నదని, వెనక ఎడమ చక్రం దగ్గర ముందు వేడి పుడుతున్నదని. యోబు చేతిలో పని పక్కన పెట్టి విన్నాడు. విన్నాక జాకీ తీసుకుని వెనక ఎడమ చక్రమే ముందు విప్పాడు.

చక్రంతో పాటు తిరిగే డ్రమ్ము లోపల అరిగి గాడి పడింది. దాన్ని లోపలినుంచి ఒరుసుకుని ఆపే పట్టీలు నల్లగా కాలి గాజులా మెరుస్తున్నాయి. నూనె కారి అంతా జిడ్డు.

"గీ బండి ఐదుగురి కోసం చేసింది. గా డిక్కీల సీటు ఎవలేసిండ్రు?"

"ముందు ఎంతైతదో చెప్పన్నా" అంది ఆమె.

"రెండు దార్లున్నయి సూడు. పాత డ్రమ్ములల్ల కొత్త పట్టీలేస్తె పద్దెనిమిది వందలు. సాయంత్రానికి ఇస్త. కాని గుట్ట మీద మల్ల గిదే కథ. లేదంటె గీ కంపెనీదే, దీని తర్వాత వచ్చిన పెద్ద బండి డ్రమ్ములు దీనికి కూసుంటయి. అవి వెడల్పుంటయి, తొందరగ వేడెక్కవు. హైదరాబాద్ పాత సామాన్లల్ల దొర్కుతయి. అన్ని కలిపి పదకొండు వేలైతది. నాలుగు దినాలు పడ్తది."

హాజిరాబీ ఆలోచిస్తుండగానే యాదగిరి బైకు వచ్చి ఆగింది. మాటలు విని నవ్వాడు.

"ముందు చక్రాలకు మంచిగనే ఉన్నయి గద! పాతదాంట్లనే పట్టీలు ఎయ్యి యోబన్నా, ఐపోతది. హాజిరాబీ, సోమవారం నుంచి కోట్‌పల్లోళ్లు ఒకరు ఎక్కువొస్తరు. తొమ్మిది మంది. నాలుగు దినాలు బండి ఆపితె లైను ఖాళీగుంటదా? ఇంకొకని బండి పెడ్త, మల్ల నన్ను అడగొద్దు."

అతను పోయాక యోబు విప్పిన మరలు ఏరి డబ్బాలో వేశాడు. లారీలు పోతుంటే సున్నపుదుమ్ము లేచి షెడ్డులోకి వస్తోంది. ఇంట్లో దాచిన పన్నెండు వేలు ఇల్లు వానకు కురవకుండా రేకులు మార్పించడానికి. వానలకు ఇంకా రెండు నెలలుంది. నిన్న మట్టిగట్టు బదులు ఎడమ పక్కన ఇంకో లోయ ఉంటే ఏం చేసేదాన్నని ఆమె తనను తాను అడిగింది.

"పెద్దయే ఎయ్యన్నా" అంది.

మూడో రోజు సామాను వచ్చింది. యోబు దగ్గర సాయం చేసే మనిషి లేడు. పైపుల్లో చేరిన గాలి తీయాలంటే ఒకరు పెడల్ తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర మర విప్పాలి. హాజిరాబీ సీట్లో కూర్చుంది. యోబు కారు కిందికి దూరాడు.

"తొక్కు" అని కింది నుంచి వినిపించింది. ఆమె తొక్కింది.

"పట్టి ఉంచు... ఆ, ఇడువు. మల్ల తొక్కు."

గంటసేపు అట్లా గడిచింది. "గాలి పోతున్నదా అన్నా?" అని ఆమె అడిగితే, "పోతున్నది, ఇంక రెండు బుడగలొచ్చినయి" అని అతను చెప్పేవాడు. కాలి కింద పెడల్ మెల్లమెల్లగా గట్టిపడుతోంది. ఒక మనిషి గొంతు విని, దానికి జవాబు చెప్పి, ఇంత సేపు గడిపి ఎన్నాళ్లయిందో ఆమెకు గుర్తు రాలేదు. పని అయిపోయిందని యోబు బయటికి వచ్చినప్పుడు ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. అతను చూశాడు. సీసాలో నీళ్లు తెచ్చి ఇచ్చాడు.

ఖాళీ రోడ్డు మీద మొదటిసారి గట్టిగా తొక్కేసరికి కారు వెనక భాగం పక్కకు జారింది. హాజిరాబీ స్టీరింగ్ సరిచేసి ఆపింది.

"గట్లనే అయితదనుకున్న. వెనక బ్రేకు పెద్దగైంది గద, ఖాళీ బండి అయితె వెనక చక్రాలు ముందు బిగుస్తయి" అని యోబు దిగి, వెనక బ్రేకుకు బలం ఎంత పోవాలో చూసే కవాటం తిప్పి సరిచేశాడు. రెండుసార్లు సరిచేశాక కారు గీత గీసినట్టు నిలిచింది.

అంతటితో అతను వదల్లేదు. పక్కనున్న పాలిష్ షెడ్డులోంచి నాపరాళ్లు అడిగి తెచ్చి, ఆరుగురు మనుషుల బరువెంతో అంత సీట్ల మీద పేర్చాడు. దిగుడు మీద ఆపించి, కారు ఆగిన చోట సుద్దతో గీత గీశాడు. తరువాత ఇంకో ముగ్గురి బరువు రాళ్లు వేశాడు. ఈసారి కారు ఆ గీత దాటి ఇరవై అడుగులు పోయింది.

ఇద్దరూ దిగి ఆ ఇరవై అడుగుల రోడ్డును చూస్తూ నిలబడ్డారు.

"కొత్త డ్రమ్ములున్నయి, జర ఇరుక్కుంటె ఆరుగురి దాక నా జిమ్మ. తొమ్మిదంటె నన్ను అడగకమ్మా" అన్నాడు యోబు.

ఆదివారం సాయంత్రం డిక్కీలోని బల్ల సీటును ఆమె తనే పానా పట్టి విప్పింది. ఒక బోల్టు తుప్పు పట్టి, అరచేయి చీరుకుపోయేదాకా రాలేదు.

సోమవారం తెల్లవారి ఆరింటికి స్టాండులో తొమ్మిది మంది ఉన్నారు. ఆ నాలుగు రోజులు ఇంకొకరి బండితో నడిపిన యాదగిరి, ఈమె బండి వచ్చిందని డిక్కీ తలుపు తీసి ఆగిపోయాడు.

"సీటేది?"

"తీసేసిన. ఆరుగురే ఎక్కుతరు."

"ఎవలిని అడిగి తీసినవ్?"

"నా బండి. ఎవలిని అడగాలె? గుట్ట మీద తొక్కేది నా కాలు. నీది గాదు."

స్టాండులో టీ తాగుతున్న డ్రైవర్లు ఇటు తిరిగారు. యాదగిరి గొంతు పెంచలేదు. రోగుల వైపు తిరిగి మామూలుగానే అన్నాడు: "మీ ఇష్టం. ఆమె బండి ఎక్కేటోళ్లు ఎక్కుండ్రి. రేపు గీ ఒక్క బండి ఆగిందనుకో, మల్ల నా దగ్గరికి రావొద్దు. నాకు మూడు బండ్లున్నయి."

అతని వెనక ఇంకో పాత కారు వచ్చి నిలబడింది. అందులో డిక్కీ సీటు ఉంది. తొమ్మిది మంది ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందుగా కోట్‌పల్లి నుంచి వచ్చే రోగి అంజలి, ఆ రోజు కొత్తగా తోడొచ్చిన తల్లి చెయ్యి పట్టుకుని అటు నడిచింది. తరువాత మిగతావాళ్లు. ఈరయ్య చివరిదాకా నిలబడ్డాడు.

"బిడ్డా, ఒక్కదినం మిషను తప్పితె నాకు ఊపిరాడది. నువ్వు మనసుల పెట్టుకోకు."

"పెట్టుకోను తాతా. పో. పైలం."

"ఆ దినం నువ్వు లేకుంటె..." అని ఆగిపోయాడు. తల వంచి, మోకాళ్లు పట్టుకుంటూ డిక్కీలోకి ఎక్కాడు. తలుపు ఒకసారికి పడలేదు. యాదగిరి రెండోసారి గట్టిగా తోశాడు.

ఆ కారు వెనక భాగం కిందికి కుంగి, రైల్వే గేటు వైపు పోయింది. హాజిరాబీ అది కనిపించినంత దూరం చూసింది.

స్టాండులో ఆమె బండి నిలపడానికి ఇక వీల్లేదు. కారు తీసి, బస్టాండు బయట, పండ్ల బండ్ల పక్కన ఖాళీ జాగాలో పెట్టింది. వికారాబాద్ పోయే మనుషులు సంచులతో వస్తున్నారు, పోతున్నారు. పిలిచి ఎక్కించుకునే పని ఆమె ఎన్నడూ చేయలేదు. మొదట అతీఖ్ పిలిచేవాడు, తరువాత యాదగిరి మనుషులు పిలిచేవాళ్లు. పదిమందిలో గొంతెత్తడం పుట్టి బుద్ధెరిగాక ఆమెకు అలవాటు లేదు.

కారు దిగింది. తలుపు పట్టుకుని నిలబడింది. నోరు తెరిస్తే గాలే వచ్చింది. పండ్లమ్మే మనిషి వింతగా చూశాడు.

"వికారాబాద్" అంది. తనకే వినిపించలేదు.

గట్టిగా ఊపిరి తీసుకుంది.

"వికారాబాద్! వికారాబాద్! ఆరుగురికే జాగ. వికారాబాద్!"

రోడ్డు దాటుతున్న ఒక ముసలామె ఆగి, కారులోకి తొంగి చూసి, "డ్రైవర్ ఏడమ్మా?" అని అడిగింది.