సున్నం పూసిన కానుగలు

యోనా చెట్టును వేళ్లతో సహా పెకలించి లారీకి ఎక్కిస్తుంటే చూస్తూ నిలబడ్డాను. యోనా నా భర్త. గని దుమ్ముకు ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. ఆ కానుగ ఆయన పేరున నాటింది. పొక్లెయిన్ కొక్కేనికి వేలాడుతూ అది పైకి లేస్తుంటే వేళ్లకు పట్టిన మన్ను రాలింది. దవాఖానాలో ఆయన్ను మంచం మీది నుంచి ఎత్తినప్పుడు కాళ్లు అట్లాగే వేలాడాయి.

పనికి పోయే అక్కలకు, చదువుకునే పిల్లలకు ఈ సంగతి తెలియాలని రాస్తున్నాను. ఏడో తరగతి దాటని చేతిరాత, తప్పులుంటే దిద్దుకోండి.

సత్తుపల్లి పక్కనున్న మా ఊరిని ఓపెన్‌కాస్ట్ గని మింగింది. ఇళ్లకు బదులు ఇళ్లిచ్చారు, సమాధులకు బదులు ఏమీ ఇవ్వలేదు. నవంబరులో సమాధుల పండుగ వస్తే కొవ్వొత్తి పెట్టే చోటు లేకుండా పోయింది. అందుకని కొత్త కాలనీ చివర, గని మట్టిగుట్టకు అడ్డంగా, చనిపోయిన ప్రతి మనిషి పేరున ఒక కానుగ నాటాం. అంట్లు కడిగిన నీళ్లు పోసి పెంచాం. పండుగకు సమాధికి వేసినట్టే మొదలుకు సున్నం వేసి, కొవ్వొత్తి వెలిగించేవాళ్లం. చర్చికి రాని ఇళ్లవాళ్లు కూడా తమ వాళ్ల పేరున నాటారు. మా కాలనీలో నీడంటే ఆ వరుస ఒక్కటే.

రోడ్డుకు ఇటు మేము, అటు ఆఫీసర్ల కాలనీ. అక్కడ తోటపని చేసేది మేమే. వీధికి రెండు వైపులా కొమ్మలు కలుసుకుని పందిరి వేసినట్టుంటాయి. మే నెల మిట్టమధ్యాహ్నం కూడా చెప్పుల్లేకుండా నడవొచ్చు. పొదలను నెమళ్లలా, ఏనుగుల్లా కత్తిరిస్తాం. పొద్దంతా వాళ్ల గడ్డికి నీళ్లు పట్టి ఇల్లు చేరితే, మా బిందెలు ట్యాంకరు కోసం ఎండలో వరుస కట్టి ఉంటాయి. ఇంట్లో రేకులు మాడుతుంటాయి. మా బిడ్డ స్తుతి చిన్నప్పుడు రాత్రిపూట దగ్గితే దాని రొమ్ముకు చెవి ఆనించి కూర్చునేదాన్ని. తండ్రి దగ్గు లాగే వినబడేది.

ఇందులో మా పొరపాటూ ఒకటుంది. ఆఫీసర్ల కాలనీలో చెట్లకు సున్నం కొట్టి, మధ్యలో ఎర్రజాజు పట్టీ వేస్తాం. పోయినేడు మిగిలిన సున్నం, జాజు తెచ్చి మా కానుగలకూ అట్లాగే వేశాం. మా వాళ్లకు కొత్తబట్టలు కట్టినట్టుందని మురిసిపోయాం. ఇప్పుడు అదే గుర్తు చూపించి, అవి కంపెనీ చెట్లన్నారు. ఆఫీసర్ల కాలనీలో కొత్త గెస్ట్‌హౌస్ కట్టారు. దాని ముందు పెద్ద చెట్లు కావాలట. మొక్క పెరిగేదాకా ఆగలేరట.

వరుసలో మొదటిది యోనా చెట్టు. మిగిలినవి పండుగ తెల్లారి తీస్తామని సూపర్‌వైజర్ వాసు చెప్పాడు. వాసు మా కాలనీ పిల్లవాడే.

"ఒరేయ్ వాసూ, మీ నాయన గూడ ఈ వరుసల్నే ఉన్నడు గదరా. ఆయన్ను గూడ లారీ ఎక్కిస్తవా?" అని సుబ్బరత్నం అడిగింది. మాలో పెద్ద కూలీ ఆమె.

"నేనేం జెయ్యాలె అత్తా. పైనుంచి ఆర్డర్."

"పైన ఉన్నది దేవుడొక్కడే అనుకున్నం. నీకు మధ్యల ఇంకెవడో దొరికిండు."

వాసు తల దించుకుని లారీ వైపు నడిచాడు.

ఆదివారం చర్చి పందిట్లో మీటింగు పెట్టాం. యూనియన్ ఎల్లస్వామి ముందు దరఖాస్తు ఇద్దామన్నాడు.

"దరఖాస్తు సదివేసరికి చెట్లు గెస్ట్‌హౌస్ కాడ చిగురేస్తయి అన్నా," అంది సుబ్బరత్నం. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. స్తుతి లేచి నిలబడుతోంది.

అది ఖమ్మంలో డిగ్రీ చదువుతోంది. కొంగు పట్టి లాగాను. "కూసో బిడ్డా. కేసయితే నీ బతుకేంగాను?"

"కేసు గాకపోతే ఏం బతుకుతున్నమే అమ్మా?"

నచ్చజెప్పడానికి వచ్చిన ఆఫీసరు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "రెండు కాలనీలూ కలిపి చూస్తే పచ్చదనం చాలా బాగుందమ్మా. పై ఆఫీసు మెచ్చుకుంది కూడా," అన్నాడు.

"మీ నీడను మా నెత్తిమీద గలిపి లెక్కేస్తే మాకు ఎండ తగ్గుతదా సార్?" అంది స్తుతి.

ఆయన రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "రేపటి నుంచి వాళ్ల తోటల నీళ్ల పైపు ముట్టేది లేదు," అని సుబ్బరత్నం లేచింది. వెనకాలే ఆడవాళ్లంతా లేచారు. నేనూ లేచాను.

సమాధుల పండుగ సాయంత్రానికి వాళ్ల గడ్డి పసుపు రంగుకు తిరిగింది. కొవ్వొత్తులు పట్టుకుని కాలనీ అంతా గెస్ట్‌హౌస్‌కు నడిచాం. గేటు దగ్గర ఆపారు. "మా నాయన లోపలున్నడు," అంది స్తుతి. గార్డు పక్కకు జరిగాడు.

యోనా చెట్టుకు ఆకు లేదు. తాళ్లతో నాలుగు వైపులా కట్టి నిలబెట్టారు. బెరడు గీరి చూస్తే లోపల పచ్చి లేదు. ఆయన రెండోసారి చనిపోయాడని అక్కడే కూలబడ్డాను. చుట్టూ కొవ్వొత్తులు పెట్టాం. పాట మొదలుపెట్టింది చర్చివాళ్లు, అందుకున్నది అందరూ. పాట అయిపోకముందే జీపులు వచ్చాయి. లోపలికి అక్రమంగా జొరబడ్డామని స్తుతిని, ఎల్లస్వామిని ఎక్కించారు.

"అన్నం తిను అమ్మా," అంది స్తుతి జీపులోంచి. ఇన్నేళ్లూ ఏది జరుగుతుందని నిద్ర కాచానో అది జరిగిపోయింది.

తెల్లారి పొక్లెయిన్ వచ్చింది. అప్పటికే ఎవరి చెట్టు కింద వాళ్లు కూర్చున్నారు. కొబ్బరిపీచుతో జాజు పట్టీలు రుద్ది తీసేశారు. సున్నం ఒక్కటే తెల్లగా మిగిలింది. వాసు కూడా వాళ్ల నాయన చెట్టుకు వీపు ఆనించి కూర్చున్నాడు.

నాకు చెట్టు లేదు. యోనా చెట్టు తీసిన గొయ్యి ఉంది. అందులోకి దిగి కూర్చున్నాను. పొక్లెయిన్ ముందుకు రావాలంటే ఆ గొయ్యి మీదుగానే రావాలి.

డ్రైవరు గోతి అంచుదాకా వచ్చి ఇంజను ఆపాడు. "దిగి ఇంటికి పోరా తమ్మీ. నీకూ ఓ తల్లి ఉంటది," అంది సుబ్బరత్నం.

గోతిలో తెగిన వేళ్లు చేతికి తగులుతున్నాయి. స్తుతి ఇంకా రాలేదు. భయం పోలేదు, భయంతోనే కూర్చున్నాను. ఎవరో నీళ్ల చెంబు అందించారు. సగం తాగి, మిగిలింది ఆ వేళ్ల మీద పోశాను.