తొమ్మిదో స్తంభం దగ్గర గాలి

ఫిబ్రవరి రెండో ఆదివారం మధ్యాహ్నం, సుర్‌లేంజ్ ఊరి మంచుకొండ మీదికి జనాన్ని మోసే పాత కుర్చీల లిఫ్టు తాడు, పడమటి గాలికి తొమ్మిదో స్తంభం దగ్గర చక్రాల మీంచి జారింది. లిఫ్టు ఆగిపోయింది. కుర్చీల్లో చిక్కుకున్నవాళ్లందరినీ చీకటి పడేలోగా తాళ్లతో దించారు. ఒకావిడ మణికట్టు విరిగింది.

లిఫ్టు నడిపేది దురి. చివరి మనిషి మంచు మీద కాలు పెట్టేదాకా అతను స్తంభం దిగలేదు. తర్వాత చక్రాలు మార్చారు. తనిఖీ అధికారి వచ్చి చూసి, నడుపుకోవచ్చన్నాడు.

"పడమటి గాలి మళ్లీ కొడితే?" అని దురి అడిగాడు.

"కొడితే ఆపండి."

తొమ్మిదో స్తంభం దగ్గర గాలి చెప్పి రాదు.

శుక్రవారం సాయంత్రం బడి ఆటలగదిలో ఊరిసభ. ప్రశ్న ఒకటే: పాతది తీసేసి, ఆరుగురు కూర్చునే కొత్త లిఫ్టు వేయాలా? కొత్తది తిన్నగా శిఖరానికి పోతుంది. పాతది మధ్యలో ఒకచోట ఆగుతుంది. అక్కడ దురి అక్క బార్లా పూటకూళ్లిల్లు నడుపుతోంది. చలికాలంలో అక్కడికి నడిచెళ్లే దారి లేదు. లిఫ్టు ఆగకపోతే ఆమె బార్లీ సూపు తాగేవాడు ఉండడు.

కొత్తది కావాలని చెప్పడానికే దురి సభకు వచ్చాడు. అక్కకు ఆ మాట చెప్పలేదు.

"కొత్తదెందుకు?" అన్నాడు ఆవుల జాచన్. "పాతది మనల్ని పైకి తీసుకెళ్లట్లేదా?"

"తీసుకెళ్తుంది మామా," అంది వెనక నుంచి ఒకామె. "ఎంత పైకో అదే తేలట్లేదు."

సభ నవ్వింది. దురి లేచాడు. సభ నడిపే సెరైనా చెయ్యెత్తింది.

"ఆగు దురీ. ముందు పద్ధతి కానీ."

ఎవరి లాభనష్టాలు ఓటు మీద ఆధారపడి ఉన్నాయో వాళ్లు, వాళ్ల తోడబుట్టినవాళ్లు బయటికి వెళ్లాలి. లోపల మాట్లాడకూడదు, చెయ్యెత్తకూడదు. దురికి ఆ పద్ధతి గుర్తుంది. అక్క బయటికి వెళ్లాక మాట్లాడవచ్చనుకున్నాడు. తనూ వెళ్లాలన్న సంగతే తట్టలేదు.

"నేను లిఫ్టు మనిషిని కదా సెరైనా."

"కాదన్నానా? బార్లా తమ్ముడివి కూడా. ఈ పద్ధతి పెట్టింది నేను కాదు, మీ తాత."

"కోటు వేసుకోరా, బయట చలి," అన్నాడు జాచన్.

తలుపు దగ్గర అక్క అతని కోటు పట్టుకుని నిలబడి ఉంది. దురి తీసుకుని బయటికి నడిచాడు.

మెట్ల మీద మంచు గట్టిపడింది. బార్లా అడిగింది:

"ఏం చెబుదామని లేచావురా? నా పక్షానేనా?"

"కాదక్కా."

ఆమె అతని వైపు తిరిగింది.

"తాడు మళ్లీ జారుతుంది," అన్నాడు.

"చక్రాలు మార్చారుగా."

"చక్రాలు మార్చారు. గాలిని మార్చలేదు."

"మధ్యాహ్నం నా చేతి సూపు తాగావు. అరిగిందా?"

"లేదక్కా. ఆదివారం నుంచీ ఏదీ అరగట్లేదు."

"అమ్మ పోయాక ఆ పొయ్యి నేను చల్లారనివ్వలేదు. ఈ వయసులో కిందికొచ్చి ఎవరింట్లో గిన్నెలు తోమమంటావు?"

దురి కిటికీ వైపు తిరిగాడు.

లోపల ఓటుకు లేచిన చేతులు కనిపించాయి. దిగాయి. మళ్లీ లేచాయి.

"ఇవి ఎక్కువ," అంది బార్లా.

"దేనికి?"

"నాకేం తెలుసు?"

సెరైనా తలుపు తీసింది. "కొత్తది వద్దన్నారు. ఏడు చేతుల తేడా."

బార్లా నవ్వలేదు. "రేపు నడుపుతావా?" అని తమ్ముణ్ణి అడిగింది.

"గాలి లేకపోతే."

శనివారం పొద్దున గాలి లేదు. రోజూ మొదటి కుర్చీ బార్లాదే. తినడానికొచ్చేవాళ్ల కోసం రొట్టెల బుట్టతో వచ్చింది.

"ఈ ఒక్కరోజు ఆగకూడదా అక్కా?"

"ఆగితే రేపూ ఆగమంటావు. నొక్కు."

ఆమె కూర్చుని, ఒళ్లోకి అడ్డకడ్డీ దించుకుంది. దురి మీట నొక్కాడు. కుర్చీ తొమ్మిదో స్తంభం దాటేదాకా చేయి ఆపే మీట మీదే ఉంచాడు. కాసేపటికి పైనుంచి ఫోను మోగింది.

"దిగానురా," అంది బార్లా.

జనం టిక్కెట్లు చూపించి వరసలో నిలబడ్డారు. మొదటివాణ్ణి ఎక్కించకముందే తొమ్మిదో స్తంభం మీద గాలి చూపే జెండా కదిలింది. దురి లిఫ్టు ఆపాడు. ఆ రోజంతా నడపలేదు.

సాయంత్రం బార్లా స్కీల మీద మంచులో జారుతూ దిగి వచ్చింది. వీపున బుట్ట ఉంది. రొట్టెలు పొద్దున్న సర్దినట్టే ఉన్నాయి.