చెరుకుబండికి ఒకటే విస్తరి

ఆ రోజు ఇంట్లో ఉన్నది అయిదుగురు. చోడవరంలో భోజన హోటలు నడిపే గణపతిరావు, అందులో వంట చేసే భార్య మంగాయమ్మ, బీకాం ఆఖరేడు చదువుతున్న కొడుకు పెదబాబు, విశాఖపట్నం నుంచి వచ్చిన వేంకటరమణమూర్తిగారు, వంటింటి తలుపు వెనక కూతురు కనకం.

మూర్తిగారు పెదబాబు కాలేజీలోనే చదివి, ఇప్పుడు సముద్రం ఒడ్డున పెద్ద హోటలుకి మేనేజరయ్యారు. భోజన హోటలు నడిపే తీరు మీద పెదబాబు రాసిన వ్యాసానికి కాలేజీలో మొదటి బహుమతి వచ్చింది. దాన్ని పాత విద్యార్థుల సంచికలో ఫొటోతో వేయిస్తాననీ, చదువవగానే తన హోటల్లో ఉద్యోగం ఇస్తాననీ చెప్పడానికి వచ్చారు.

కనకం తలుపు సందులోంచి అంతా వింటోంది. ఆ వ్యాసమంతా తన నోటుపుస్తకమే. రెండేళ్ళు పొద్దున్నే అరుగు మీద కూర్చుని, వడ్డాది సంతకి పోయే బళ్ళెన్నో, మాడుగుల బస్సు దిగినవాళ్ళెందరో, వానో ఎండో, మధ్యాహ్నానికి ఎన్ని విస్తళ్ళు లేచాయో రాసుకుని, బండికిన్ని విస్తళ్ళని లెక్క కట్టింది. "ఇయాల ఎన్ని సేర్లు పొయ్యమంటావే?" అని ఎసరు పెట్టేముందు తల్లి అడిగేది తననే. దసరా సెలవులకి వచ్చిన అన్న "సదివి ఇచ్చేత్తానే" అని ఆ పుస్తకం పట్టుకుపోయాడు. ఇచ్చింది లేదు.

"ఒక్కటి అర్థం కాలేదోయ్," అన్నారు మూర్తిగారు. "సంత బండికి రెండు విస్తళ్ళు రాశావు. చెరుకుబండికి ఒకటేనేం? దాని మీదా ఇద్దరొస్తారు గదా!"

పెదబాబు గొంతు సవరించుకున్నాడు. "చెరుకు తోలేవాళ్ళు తక్కువ తింటారండి."

పరాయివాళ్ళ ముందు ఏనాడూ నోరు విప్పని కనకం గడప దాటి వచ్చేసింది.

"తక్కువేటి తింటారు! ఒకడు తింటంటే ఇంకోడు బండి కాడ కాపలా ఉంటాడు. నేకపోతే బడికెల్లే గుంటలు సెరుకుగెడలు లాగేత్తారు. ఆ కాపలావోడు ఇంటికాణ్ణించి సద్ది తెచ్చుకుంటాడు. నీకేటి తెలుసన్నియ్యా? ఆళ్ళకి ఏనాడైనా మంచినీళ్ళిచ్చేవా?"

మూర్తిగారు నవ్వారు. "భేష్! చెల్లెలికీ బాగానే నేర్పావోయ్."

కనకానికి అరికాలి మంట నెత్తికెక్కింది. "నాకెవులూ నేర్పనేదండి. ఆ లెక్కలు నావి. సంచికలో నా పేరెయ్యండి."

"నోర్ముయ్యే!" గణపతిరావు లేచాడు. "మతిలేని గుంటండి బాబూ, ఏటేటో వాగుతాది."

పెదబాబు తల వంచుకున్నాడు. మూర్తిగారి నవ్వు ఆగింది. మంగాయమ్మ వైపు తిరిగి, "నువ్వు చెప్పమ్మా, ఎవరివా లెక్కలు?" అన్నారు.

"సెప్పమ్మా," అంది కనకం. "ఇయాల పొద్దున్న ఎవుల్నడిగేవు?"

మంగాయమ్మ కొడుకు కేసి చూసింది. "మావోడివేనండి," అంది.

"అమ్మా!"

మంగాయమ్మ వచ్చి కూతురి రెక్క పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది. "ఆడి ఉజ్జోగం పోతాదే," అంది పళ్ళ బిగువున. "నీ పేరు పడితే మాకేటొత్తాది?"

కనకం మళ్ళీ గడప దాటేలోపు తను బయటికి వెళ్ళి తలుపు మూసి, గొళ్ళెం పెట్టేసింది.