చెప్పిన దారినే వచ్చింది

ఇమ్మిగ్రేషన్ కోర్టు కారిడార్‌లో ముసుగులు వేసుకున్న నలుగురు ఇమ్మిగ్రేషన్ ఏజెంట్లు యెసేనియా రెక్కలు విరిచి పట్టుకున్నారు. ఆమె విశ్వనాథం వైపు ఒక్కసారి చూసింది. ఆమె ఫైలు ఆయన చేతిలోనే ఉండిపోయింది.

ఆ ఫైలు కట్టింది ఆయనే. పిస్కాటవే ఊళ్లో ఇరవయ్యేళ్లుగా తెలుగువాళ్ల వీసా కాగితాలు సర్ది చేయి తిరిగినవాడు. ప్రతిదానికీ మూడు కాపీలు, రంగురంగుల ట్యాబులు. వెనిజులా నుంచి ఆశ్రయం కోరి వచ్చిన యెసేనియా సరిహద్దు గోడ దూకి రాలేదు. సర్కారు చూపించిన ఫోన్ యాప్‌లో ఏడు నెలలు ఎదురుచూసి, అపాయింట్‌మెంట్ దొరికాక వంతెన మీద నడిచి దేశంలోకి వచ్చింది. తర్వాత సర్కారు మారింది. యాప్ మూతపడింది. ఆ దారిన వచ్చినవాళ్ల అనుమతులు చెల్లవన్నారు.

"వాయిదాకి పోవాలంటే భయంగా ఉంది అంకుల్" అని ఆమె అంటే, "పేపర్లు పక్కాగా ఉంటే పులైనా పక్కకి జరుగుతుంది" అని ప్రాస విసిరి, తనే డ్రైవ్ చేసుకుంటూ తీసుకెళ్లాడు. పులి నోటికి అందించి వచ్చాడు.

మర్నాడు పొద్దున ఆమె పనిచేసే కనకదుర్గ క్యాటరింగ్ కిచెన్‌కి తల దించుకుని వెళ్లాడు. ఆమెతో పాటే యాప్ దారిన వచ్చి అక్కడే వంట చేసే ఆమె అన్న రమోన్ గరిటె కింద పెట్టేశాడు. "గురువారం కోర్టులో హాజరు వేయించుకునే చెక్-ఇన్ నాది. పోకపోతే ఇంటికొచ్చి పట్టుకుంటారు. పోతే అక్కడే పట్టుకుంటారు."

ఆదివారం ఫంక్షన్ మెనూ చూడటానికొచ్చిన తెలుగు అసోసియేషన్ సెక్రటరీ హర్షవర్ధన్ విసుక్కున్నాడు. "లైన్ తప్పినోళ్ల గొడవ మనకెందుకు అంకుల్? 'మనం వీసాతో వచ్చాం, వాళ్లు వీసమెత్తు సిగ్గు లేకుండా వచ్చారు' అని మన అసోసియేషన్ గ్రూప్‌లో పోస్ట్ చేసింది మీరేగా! నూట నలభై మంది నవ్వారు."

విశ్వనాథం చెవులు కాలిపోయాయి. అది ఆయన జోకే. ఆరోజు ఎవరు నవ్వారో లెక్కపెట్టుకుని మరీ నిద్రపోయాడు.

"ఆమె లైన్‌లనే వచ్చిందన్నా. లైనే లేకుండ చేసిన్రు" అంది ఎఫ్-వన్ స్టూడెంట్ వీసా మీద చదువుతూ చాటుగా అక్కడ ఉల్లిపాయలు తరిగే ప్రణవి. "నేను ఈడ పనిచేసుడు లీగలా? నన్ను పట్టుకుంటే గూడ నవ్వుతరా?"

"రమోన్‌ని ఒక్కణ్ణే పంపొద్దు" అన్నారు కిచెన్‌లో ఉన్నవాళ్లంతా, ఎవరి భాషలో వాళ్లు.

"ఆదివారం ఆరొందల మందికి భోజనాలు నాయనా!" అని ఓనర్ కనకదుర్గ తల పట్టుకుంది. కాసేపటికి తనే పొయ్యిలన్నీ ఆర్పేసింది. "ఆ పిల్ల వండితే తిన్నారుగా అందరూ. ఇప్పుడు వచ్చి నిలబడమను."

విశ్వనాథం గ్రూప్‌లో రాశాడు: 'ఆ జోకు వేసినందుకు సిగ్గుపడుతున్నాను. గురువారం ఎనిమిదింటికి కోర్టు దగ్గరికి సిటిజన్లు రండి. వీసావాళ్లు, పిల్లలు రావద్దు. దెబ్బ మా మీద పడనివ్వండి.' ఈసారి ఒక్కరూ నవ్వలేదు. పదకొండు మంది గ్రూప్ వదిలేశారు. ముప్ఫై ఏడు మంది వచ్చారు.

రమోన్ చుట్టూ చేతులు కలిపి కారిడార్ నిండా నిలబడ్డారు. "దారి వదలండి!" అని గద్దించారు ముసుగులవాళ్లు.

"మీరు చెప్పిన దారినే వచ్చాడు! మీరే వదలండి!" కనకదుర్గ గొంతు సీలింగ్‌ని తాకింది.

తోపులాటలో విశ్వనాథంతో పాటు తొమ్మిది మందిని పక్కకి లాగి, చేతులు వెనక్కి విరిచి ప్లాస్టిక్ పట్టీలు బిగించారు. ఆ సందు చూసుకుని మిగిలినవాళ్లు రమోన్‌ని కౌంటర్ దాకా నడిపించి, కొత్త తేదీ వేయించి, వీధిలోకి తీసుకొచ్చేశారు.

గోడకి ఆనించిన విశ్వనాథం దగ్గరికి, బెంచీ మీద కూర్చున్న ముక్కూమొహం తెలియని ముసలామె లేచి వచ్చింది. వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది: "సోమవారం నా వంతు. వస్తారా?"

ఆయన తలెత్తాడు.

"ఎన్నింటికి?"