విసనకర్ర పట్టిన చెయ్యి

నాలుగింటికల్లా మా సంగతి తేలిపోతుంది. హాలు మాదా, పాటల బృందానిదా?

అది 1971. బాల్టిమోర్‌లోని పెద్ద గ్యాలరీలు మా నల్లవాళ్ళ బొమ్మలకు గోడ ఇవ్వని రోజులు. అందుకే మేమే ఒక చిత్రకారుల సంఘం పెట్టుకుని, మా చర్చి కింది హాల్లో శనివారాలు కలుసుకునేవాళ్ళం. ఏడుగురు సభ్యులుంటేనే హాలు ఇస్తామన్నారు చర్చి పెద్దలు. వసంతంలో పదిహేనుమందిమి. ఇప్పుడు సరిగ్గా ఏడుగురం. ఒక్కరు తగ్గినా హాలు పాటల బృందానికి పోతుంది.

తప్పు నాదే. నా పేరు వెర్డెల్, దుకాణాలకు బోర్డులు రాస్తాను. మొదటిరోజే నియమం పెట్టాను: "మనల్ని తీసిపారేసేవాళ్ళు బయట చాలామంది ఉన్నారు. ఇక్కడ ఎవరి బొమ్మకీ ఎవరూ వంక పెట్టకూడదు." దాంతో ప్రతి బొమ్మకీ ఒకటే మాట, "బాగుంది." మూడు శనివారాలు అదే విన్నవాళ్ళు నాలుగో శనివారం రావడం మానేశారు.

ఆ రోజు వంతు రోజెల్‌ది. లాండ్రీలో ఇరవై రెండేళ్ళుగా ఇస్త్రీ చేస్తున్న మనిషి. నిలువెత్తు చిత్రం తెచ్చింది. పెద్ద టోపీ పెట్టుకుని చర్చి బెంచీ మీద కూర్చున్న వాళ్ళక్క, చేతిలో అట్ట విసనకర్ర.

"బాగుంది," అన్నాడు ఫొటోగ్రాఫర్ క్లియోఫస్.

"చాలా బాగుంది," అన్నాను.

వెనక కుర్చీ కిర్రుమంది. మదర్ అయోలా! మా చర్చి ఆడవాళ్ళకు పెద్దదిక్కు, ఎనభై ఒక్కేళ్ళ మనిషి. హాలు తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది. మా తలలు లెక్కపెట్టడానికి వచ్చింది. బొమ్మను పైనుంచి కిందిదాకా చూసి, చెయ్యెత్తి గట్టిగా అంది:

"దీనికి సాయం చెయ్యి ప్రభూ!"

మా చర్చిలో ప్రసంగం పండితే "ఆమెన్" అంటారు. పాస్టరు దారి తప్పి చెమటలు కక్కుతుంటేనే "సాయం చెయ్యి ప్రభూ" అంటారు. రోజెల్‌కి ఈ సంగతి అందరికంటే బాగా తెలుసు. ఆమె తండ్రి పాస్టరే.

రోజెల్ లేచింది. కుంచెల డబ్బా టప్పున మూసింది. బొమ్మను దించబోయింది.

ఇక ఆరుగురం.

"ఆగు రోజెల్!" అని, నా నియమాన్ని నేనే తొక్కేసి అటు తిరిగాను. "సాయం ఎక్కడ కావాలి మదర్?"

"కళ్ళు లేవట్రా నీకు? మొహం ఊపిరి పీలుస్తోంది. టోపీ దివ్యంగా ఉంది. ఆ చెయ్యి మాత్రం చచ్చి నాలుగు రోజులైంది. విసనకర్రని అలా గరిటెలా ఎవరైనా పట్టుకుంటారా?"

క్లియోఫస్ కిసుక్కున నవ్వాడు. "నాక్కూడా మొదట్నుంచీ ఆ మణికట్టు మీదే అనుమానం."

రోజెల్ గిర్రున తిరిగింది. "మరి ఇందాక బాగుందన్న నోరెవరిది, మీ ఆవిడదా?"

"వెర్డెల్ రూలు పెట్టాడు కదక్కా!"

అందరూ నన్ను చూశారు.

"రూలు తీసేశాను," అన్నాను.

అంతే, గట్టు తెగింది. ఒకరు మోచెయ్యి అన్నారు, ఇంకొకరు నీడ అన్నారు. రోజెల్ అందరితోనూ పోట్లాడింది. కానీ బొమ్మను మాత్రం దించలేదు.

"ఆ చెయ్యి ఐదుసార్లు చెరిపాను," అంది చివరికి. "అద్దం ముందు నేనే విసనకర్ర పట్టుకుంటే కుంచె పట్టేదెవరు?"

"అడగొచ్చు కదే పిల్లా!" మదర్ అయోలా వచ్చి బొమ్మ పక్కన కూర్చుంది. సంచిలోంచి తన విసనకర్ర తీసి పట్టుకుంది. "గియ్యి. చూపుడువేలు వెనక ఉంటుంది, చూసుకో."

రోజెల్ డబ్బా తెరిచింది. మొదటి గీతే వంకర పోయింది.

"నిదానంగా తల్లీ, నిదానంగా," అంది మదర్. వెనకనుంచి మేమూ అందుకున్నాం.

నాలుగు కొట్టేసరికి పాటల బృందం నాయకుడు థర్మన్ పదిమందితో మెట్లు దిగాడు. "టైమైంది మదర్. తాళంచెవి..."

ఆమె తల తిప్పలేదు. పెదాలు మాత్రం కదిపింది. "పైన పాడుకోండి."

"ఎంతసేపు?"

"బొటనవేలు ఇప్పుడే వచ్చింది. ఇంకా నాలుగు వేళ్ళున్నాయి."

థర్మన్ బొమ్మ దగ్గరికొచ్చి వంగి చూశాడు. "మణికట్టు కొంచెం లావైందేమో..."

"నిలబడి చెప్పకు," అంది రోజెల్, కుంచె ఆపకుండా. "కుర్చీ లాక్కో."